27 పౌండ్లకు మన్రో దొర ఇంటిపేరు

స్కాట్లండులోని ఎడిన్‌బరా కోట ముంగిటి నుంచి పల్లానికి దిగే రాయల్ మైల్ వీధిలో ఉన్ని శాలువాల కొట్లు వరసగా ఉంటాయి. వాటిలో కొన్ని ఓ మూలన కంప్యూటరూ ప్రింటరూ పెట్టుకుని ఇంటిపేర్లు కూడా అమ్ముతాయి. ఇంటిపేరు చెబితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు, వంశచిహ్నం, గళ్ళబట్ట రంగులు అన్నీ పాతకాలపు తోలులా కనిపించే కాగితం మీద అచ్చువేసి చేతిలో పెడతారు. ఉత్త కాగితం 15 పౌండ్లు, చట్రంతో సహా అయితే 27. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేనొకటి కొన్నాను, చట్రంతోనే. కొట్టు పేరు రాయను. పక్క కొట్లోనూ అదే సరుకు, అదే ధర కనిపించింది.

నేను రెవెన్యూ శాఖలో 34 ఏళ్ళు పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైనవాణ్ణి. ఏ కాగితం చేతికొచ్చినా ముందు తేదీ ఉందా, సంతకం ఉందా, సరిహద్దులు రాశారా, దేన్ని ఆధారం చేసుకుని రాశారు అని చూడటం అలవాటైపోయింది. ఈ కాగితాన్నీ అలాగే చూశాను. అలా చూడటానికి అమ్మినది కాదు కదా అని మా అమ్మాయి అంది. వంశచరిత్ర అని పైన పెద్ద అక్షరాలతో అచ్చువేసినప్పుడు అలా కాక ఇంకెలా చూడాలి?

ముందు కొట్లో జరిగింది చెప్పాలి. కౌంటర్ దగ్గరి పిల్ల మర్యాదస్తురాలు. మీ ఇంటిపేరేమిటి అని అడిగింది. గుత్తి అన్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూపించాను. కంప్యూటర్ కాసేపు తడుముకుని 'గత్రీ' అని ఒక పేరు తెచ్చి పెట్టింది. ఆంగస్ ప్రాంతంలో గత్రీ అనే ఊరుంది, ఆ ఊరివాళ్ళకు ఆ పేరే నిలిచిపోయింది. "ఇదే అయ్యుంటుందేమో చూడండి" అంది ఆ అమ్మాయి ఎంతో ఆశగా. ఊరి పేరే ఇంటిపేరు కావడం వరకు మా ఇద్దరిదీ ఒకటే దారి. కానీ మా గుత్తి అనంతపురం జిల్లాలో ఉందమ్మా, దానికీ ఒక కోట ఉంది, మీ కోటకంటే ఎక్కడం కష్టం అన్నాను. "నాన్నా, వెనక జనం నిలబడి ఉన్నారు" అంది మా అమ్మాయి. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట 'మన్రో'.

మా అమ్మాయి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. నేను వేళాకోళానికి అనలేదు. మా అమ్మగారి తాత పేరు మన్రోలప్ప. మా వైపు ఒకప్పుడు అది మామూలు పేరే. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదిలేశాక ఏడేళ్ళు ఇక్కడ కలెక్టరుగా ఉన్న సర్ థామస్ మన్రో మీద అభిమానంతో జనం తమ పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. స్కాట్లండులో ఇంటిపేరైనది మా దగ్గరికి వచ్చి, చివర అప్ప తగిలించుకుని, ఒంటిపేరైంది. ఈ ముక్క కొట్లో వివరించబోతే క్యూ ఇంకా పెరిగేది. మా ముందున్న అమెరికా పెద్దమనిషి అప్పటికే తన క్యాంప్‌బెల్ కాగితాన్ని గుండెకు హత్తుకుని బయటికి నడుస్తున్నాడు. క్యాంప్‌బెల్ అంటే గేలిక్ అనే అక్కడి పాత భాషలో వంకర మూతి. కామెరన్ అంటే వంకర ముక్కు. ఆ సంగతి ఆయన కాగితంలో రాశారో లేదో చూడాలని ఎంతో అనిపించింది, అడగలేదు.

రెండు నిమిషాల్లో మన్రో కాగితం చేతికొచ్చింది. పనితనం పైపైన చూస్తే బాగుంది. అంచులు కాలినట్టు గోధుమరంగు వేశారు, అక్షరాలు పాత బైబిలు అక్షరాల్లా ఉన్నాయి, సిరా చేతికి అంటలేదు. చట్రం మాత్రం చెక్క రంగు వేసిన ప్లాస్టిక్.

ఇక విషయం. పేరు పుట్టుక గురించి రాసినది చాలావరకు సరిగానే ఉంది. గేలిక్‌లో మన్రోలను రోహ్ వాళ్ళంటారు, అంటే 'రో' నుంచి వచ్చినవాళ్ళని. ఐర్లండు ఉత్తరాన డెర్రీ ప్రాంతంలో రో అనే ఏరుంది. ఏటి దిగువ కొస అనే అర్థంలో 'బున్ రో' అన్న మాటే నోళ్ళలో నలిగి మన్రో అయిందని వాళ్ళ పరంపర చెప్పుకుంటుంది. అక్కడి నుంచి డోనల్డ్ అనే మూలపురుషుడు వచ్చి, రాజుకు యుద్ధంలో సాయం చేసి, ఇన్వర్‌నెస్ దాటాక క్రోమార్టీ సముద్రపు పాయ ఒడ్డున భూమి సంపాదించాడట. ఆ నేలకు ఫెరిన్‌డోనల్డ్ అని పేరు, అంటే డోనల్డ్ గారి భూమి. పాలకొల్లు వారు, కొండవీటి వారు అనుకునే మనకు ఇందులో వింత ఏమీ లేదు. వింతల్లా, ఇదంతా 11వ శతాబ్దంలో జరిగిందని కాగితం ఢంకా బజాయించి చెప్పడం. మన్రోలు రాతపూర్వకంగా కనిపించేది 14వ శతాబ్దంలో, రాస్ ప్రాంతపు ప్రభువు ఇచ్చిన భూదానపత్రాల్లో. నడుమ 300 ఏళ్ళు నోటి మాటే. నోటి మాట తప్పని నేననను. మా తాలూకాలో సగం ఇనాములు నోటి మాట మీదే నడిచాయి. కానీ రిజిస్టరులో అలాంటివాటి పక్కన 'విచారణలో తెలిసినది' అని ఒక ముక్క రాసేవాళ్ళం. ఈ కాగితంలో ఆ ముక్క లేదు.

కాగితంలో నాకు నచ్చినది ఒకే ఒక్క వాక్యం, అది కూడా కింద చిన్న అక్షరాల్లో. మన్రోల పెద్ద నివాసమైన ఫౌలిస్ కోట భూములకు ఒక విచిత్రమైన షరతు ఉండేదట. రాజుగారు అడిగితే నడివేసవిలో ఒక మంచుముద్ద తెచ్చి సమర్పించాలి. అదీ శిస్తు! వాళ్ళ భూమికి ఎగువన బెన్ వివిస్ అనే కొండ ఉంది, 1046 మీటర్లు. దాని ఉత్తరపు గుంతల్లో వేసవిలో కూడా మంచు మిగిలేదని చెబుతారు. నేను సర్వీసులో నీటి తీరువా, తోపు పన్ను, గడ్డి బీడు వేలం ఎన్నో చూశాను కానీ మంచుముద్దకు రశీదు రాసే అవకాశం రాలేదు. జమాబందీ రోజున ఆ శిస్తు గుమస్తా చేతిలోనే కరిగిపోతే బకాయి కింద రాయాలా, వసూలైనట్టు రాయాలా?

ఆ పక్కనే అసలు తప్పు ఉంది. పైన తోలుతిత్తి బూర ఊదుతున్న కొండవీరుడి బొమ్మ వేసి, 1746లో కల్లోడెన్ యుద్ధంలో, సింహాసనం కోసం తిరుగుబాటు చేసిన యువరాజు చార్లీ వెంట మన్రోలు ప్రాణాలొడ్డారని రాశారు. నిజం దీనికి తలకిందులు. మన్రోలు ప్రభుత్వ పక్షం. ఫౌలిస్ మన్రోల పెద్ద సర్ రాబర్ట్ ఆ ఏడాది జనవరిలో ఫాల్కిర్క్ దగ్గర ఆ యువరాజు సైన్యంతో పోరాడుతూనే చనిపోయాడు. ఆ తిరుగుబాటులో వాళ్ళ కోట కూడా తగలబడింది, ఇప్పుడున్నది తర్వాత కట్టినది. చార్లీ పేరుంటే కాగితం అమ్ముడుపోతుంది కాబట్టి ఉత్తరాది పేర్లన్నిటికీ ఒకే పేరా అతికించి ఉంటారని నా అనుమానం. ఒకరి సర్వే నంబరు తెచ్చి ఇంకొకరి పాసు పుస్తకంలో ఎక్కించినట్టుంది.

తర్వాత వంశచిహ్నం. బంగారు రంగు డాలు మీద ఎర్రటి డేగ తల. కింద 'మీ కుటుంబ చిహ్నం' అని రాశారు. ఇది స్కాట్లండు చట్టం ప్రకారం చెల్లదు. ఆ దేశంలో డాలు చిహ్నం కుటుంబానిది కాదు, ఇంటిపేరుది అసలే కాదు, ఒక మనిషికి చెందిన ఆస్తి. దాన్ని ఇచ్చే అధికారి పేరు లార్డ్ లయన్. ఆయన కింద నిజంగానే ఒక కోర్టు ఉంది, ప్రాసిక్యూటరు ఉన్నాడు, 1672 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. పైన చెప్పిన డాలు మన్రో వంశ పెద్దది. మిగతా మన్రోలు పెట్టుకోగలిగినది బెల్టూ బకిలూ చుట్టిన గుండ్రటి ముద్ర ఒక్కటే, అందులో వాలి కూర్చున్న డేగ, 'దైవానికి భయపడు' అనే మాట. ఆ బెల్టుకు అర్థమే, నేను ఫలానావారి అనుచరుణ్ణి, చిహ్నం మాత్రం నాది కాదు అని. కాగితం మీద ఆ ముద్ర కూడా వేసి ఉంటే సరిపోయేది. డాలు రంగుల్లో బాగా కనిపిస్తుందని డాలునే వేశారు.

ఆ దేశంలో ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తం కలిసినట్టు కాదని కూడా ఆ కాగితం చెప్పి ఉండవలసింది. పెద్ద దొర నేల మీద బతికే కౌలుదార్లు, ఆయన నీడకు చేరినవాళ్ళు ఆయన పేరే పెట్టుకునేవారు. కాబట్టి మన్రోలందరూ డోనల్డ్ మనవలు కారు. గళ్ళబట్ట సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎరుపు ఎక్కువున్న ఆ నేత వెయ్యేళ్ళ నాటిదన్నట్టు రాశారు. 1746 తిరుగుబాటు తర్వాత కొండప్రాంతపు మగవాళ్ళు ఆ దుస్తులు వేసుకోకూడదని చట్టం చేశారు, 1782లో ఎత్తివేశారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు ఊరంతా గళ్ళబట్టలు కట్టింది. ఫలానా వంశానికి ఫలానా గళ్ళు అని గట్టిగా స్థిరపడింది ఇంచుమించు ఆ కాలంలోనే. బట్ట అందంగానే ఉంది, వయసు మాత్రం ఎక్కువ చెప్పారు.

తప్పులకన్నా నన్ను బాధపెట్టింది లేనివి. కింద 'ప్రసిద్ధులైన మన్రోలు' అని జాబితా ఇచ్చారు. అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో ఉన్నాడు, సరే. సినిమా తార మార్లిన్ మన్రో ఉంది. ఆమెది తల్లి పుట్టింటి పేరు, దాన్నీ తెరకోసం పెట్టుకుంది. సర్ హ్యూ మన్రో ఉన్నాడు. ఆయన 1891లో 3000 అడుగులు దాటిన స్కాట్లండు కొండలన్నిటికీ జాబితా వేశాడు. అప్పటి నుంచి ఆ కొండలనే మన్రోలు అంటున్నారు, ఇప్పటి లెక్కకు 282. శనివారం వచ్చిందంటే అక్కడి కుర్రాళ్ళు 'ఈ వారం ఒక మన్రో ఎక్కాలి' అని బూట్లు తీస్తారు. మనిషి పేరు కొండ పేరుగా మారడమంటే ఇదే. మొదట చెప్పిన బెన్ వివిస్ కూడా ఒక మన్రోయే, మన్రోల ఇలాకాలోనే.

థామస్ మన్రో లేడు. 1820 నుంచి 1827 దాకా మద్రాసు గవర్నరుగా చేసినవాడు, రైతు పేరనే పట్టా అన్న పద్ధతిని దక్షిణాదిలో నిలబెట్టినవాడు, ఆ జాబితాలో ఒక గీతకైనా నోచుకోలేదు. దత్తమండలాల్లో శిస్తు నూటికి 25 తగ్గించాలని, బావుల కింద చెరువుల కింద భూములకు ఇంకో 8 తగ్గించాలని 1807లో రాశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. పదమూడేళ్ళ తర్వాత తానే గవర్నరై వచ్చి తగ్గించాడు. ఆఫీసు ఫైలు వెంట ఇంత ఓపికగా నడిచిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. పాళెగాళ్ళను అణచడంలో ఆయన చెయ్యి ఎంత కటువో మా పెద్దలు చెప్పారు, అది దాచను. అయినా తిరుమలలో స్వామి నైవేద్యం పెట్టే గంగాళాన్ని ఇప్పటికీ మన్రో గంగాళమనే అంటారు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే మా గుత్తికి తెచ్చి పూడ్చారు, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. గ్లాస్గోలో పుట్టిన మనిషికి తన పుట్టిన దేశంలో అచ్చువేసిన తన ఇంటిపేరు కాగితంలో చోటు లేకపోతే ఎలా?

ఇంకొక మన్రోను మా అల్లుడు చూపించాడు. ఇన్వర్‌నెస్ దాటాక ఆల్నెస్ దగ్గర ఫైరిష్ అనే కొండ ఉంది. పైన్ చెట్ల నడుమ బాట. నా మోకాళ్ళకు గంటన్నర పైగా పట్టింది. మీదికి చేరేసరికి రాతి కమానులు, నడుమ పెద్దవి, అటూ ఇటూ పొట్టి స్తంభాలు. వాటి సందుల్లోంచి క్రోమార్టీ పాయ, అందులో మరమ్మతుకు లాగి నిలబెట్టిన చమురు రిగ్గులు. ఈ కట్టడం నాగపట్నం ద్వారానికి నకలు! బక్సార్ యుద్ధంలో కంపెనీ సేనను నడిపిన సర్ హెక్టర్ మన్రో 1781లో డచ్చివాళ్ళ చేతిలోంచి నాగపట్నం పట్టుకున్నాడు. ఆ గెలుపు గుర్తుకు తన ఊరి కొండ మీద ఇది కట్టించాడు. పనుల్లేక పస్తులున్న జనానికి కూలి దొరకాలని కట్టించాడనీ, మోసుకొచ్చిన రాళ్ళను రాత్రి కిందికి దొర్లించి, మర్నాడు మళ్ళీ మోయించి రెండుసార్లు కూలి ఇప్పించాడనీ అక్కడివాళ్ళు చెబుతారు. కరువు పనుల మస్టర్లు రాసిన నా చేతికి ఆ రెండో రోజు కూలి ఏ పద్దు కింద రాశారోనన్న సందేహం తప్ప, మిగతాదంతా నమ్మబుద్ధయ్యే కథే. కాగితంలో ఈ కొండా లేదు, ఈ హెక్టరూ లేడు.

ఈ కాగితం కొనే డబ్బుతో ఇంకేం చెయ్యొచ్చో కూడా చెప్పాలి. రాయల్ మైల్ నుంచి వంతెన దాటి నడిస్తే ప్రిన్సెస్ వీధి మొదట్లో జనరల్ రిజిస్టర్ హౌస్ ఉంటుంది. గుర్రం మీద వెల్లింగ్‌టన్ ప్రభువు విగ్రహం ఎదురుగా ఉన్న భవనం అదే. ఆయనే మన దగ్గర ఆర్థర్ వెల్లెస్లీగా తిరిగినప్పుడు మన్రోతో ఉత్తరాలు రాసుకున్న స్నేహితుడు. లోపల స్కాట్లండ్స్ పీపుల్ సెంటర్ ఉంది. నేను వెళ్ళినప్పుడు రోజంతా కూర్చోవడానికి 15 పౌండ్లు. గుమ్మటం కింద గుండ్రటి గది, బల్ల మీద కంప్యూటర్, పక్కన సాయం చేసే మనిషి. 1855 జనవరి 1 నుంచి ఆ దేశంలో ప్రతి పుట్టుక, పెళ్ళి, చావు అందులో ఉన్నాయి, అంతకు ముందువి చర్చి పుస్తకాల్లో.

నాకు అక్కడ వెతుక్కోవడానికి చుట్టాలెవరూ లేరు. ఉత్తినే కూర్చుని 1855 నాటి చావు నమోదులు చూశాను. ఒక్క మనిషికి ఎంత రాశారో! పుట్టిన ఊరు, ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు, తల్లిదండ్రుల పేర్లు, తండ్రి వృత్తి, పెళ్ళాం, పిల్లలందరి పేర్లూ వయసులూ, పూడ్చిన చోటు. మర్నాటి ఏడాదికి ఆ గడుల్లో చాలా ఎగిరిపోయాయి. రాయలేక గుమస్తాలు చేతులెత్తేశారన్నమాట. పై అధికారి కొత్త నమూనా పంపినప్పుడు మొదటి ఏడాది ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఆ గుమస్తాల మీద ఎంతో జాలి కలిగింది. ఇంకొకటి గమనించాను. పెళ్ళైన ఆడవాళ్ళు అందులో పుట్టింటి పేరుతోనూ అత్తింటి పేరుతోనూ రెండు చోట్లా దొరుకుతారు. మన దగ్గర పెళ్ళి కార్డు అచ్చైన రోజుతో పుట్టింటి పేరు మాయమై, మా అమ్మగారి ఇంటిపేరు కోసం నేను ఒకసారి మూడు ఆఫీసులు తిరగాల్సి వచ్చింది.

కాబట్టి మీకు స్కాట్లండు మూలాలుంటే ఆ 15 పౌండ్లు అక్కడ కట్టండి. ఇంటిపేరు మొత్తానికి కథ కాదు, మీ ముత్తాత చేతి సంతకమే దొరకవచ్చు. మూలాలు లేకుండా గోడకు బొమ్మ కావాలంటే కొట్టు కాగితం కొనుక్కోవచ్చు, గోడకు అబద్ధాలు పట్టవు. నేనైతే అయిదుకు రెండు నక్షత్రాలే ఇస్తాను. ఒకటి ఆ అమ్మాయి మర్యాదకు, ఒకటి మంచుముద్దకు.

చట్రం మాత్రం తీసుకోకండి. విమానంలో చేతి సంచిలో పట్టదు, పెట్టెలో పెడితే అద్దం నిలవదు. ఉత్త కాగితం తీసుకుని అట్ట గొట్టం అడగండి. అడిగితే ఊరికే ఇస్తారు, అడగకపోతే ఇవ్వరు. నాది హైదరాబాదులో దిగేసరికి మూలన బీటువారింది. దాన్ని అలాగే మా మేనమామకు ఇచ్చాను, మన్రోలప్ప మనవడు ఆయనే కదా. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, డేగ తలను వేలితో చూపిస్తూ "గరుత్మంతుడేనా?" అని అడిగారు. నేను జవాబు వెతుక్కునేలోపే మేకు కోసం లోపలికి వెళ్ళారు.